కడిగిన గడప

మా డిపార్ట్‌మెంటులో రాళ్ళు దంచే మనిషి పేరు మారెప్ప. కాలేజీ వెనక రేకుల షెడ్డులో క్రషర్ మిషను ఉండేది. పరిశోధన చేసేవాళ్ళు కొండల మీద నుంచి తెచ్చిన రాళ్ళను అందులో వేసి పిండి చేసి ఇవ్వడం అతని పని. షెడ్డు మీద అతని ఉద్యోగానికి ఇంగ్లీషులో పెద్ద పేరు రాసి బోర్డు కొట్టారు గానీ, ఆ బోర్డు కింద కూర్చోవడానికి కుర్చీ మాత్రం ఇవ్వలేదు. సిమెంటు సంచి నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చునేవాడు. స్టోరు చూసేవాణ్ణి నేను. "ఒక కుర్చీ ఇప్పించండి సార్" అని అడిగితే, "కూలి మనుషులకు ఫర్నిచర్ ఇచ్చే రూలు లేదు ఇమాంసాబ్" అన్నారు హెడ్డు రామాంజనేయులు సారు. మనిషి నడుము నొప్పికి కూడా రూలు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మారెప్పది నల్లమాడ పక్క పల్లె. శనక్కాయ వేసి మబ్బు వైపు చూస్తూ కూర్చునే కుటుంబం. వాన ఎగ్గొట్టిన ఏళ్ళలో ఊరంతటితో పాటు అతనూ కంకర క్రషర్లో కూలికి పోయాడు. ఆ క్రషర్ అతని కుడిచేతి రెండు వేళ్ళు తినేసింది. ఎట్లా పోయాయి మారెప్పా అని ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడు.

"ఆ యేడు దసరాకు మిషన్‌కు పూజ సెయ్యలేదన్నా. రోడ్డు పని అర్జెంటు, పూజా గీజా ఏమీ వద్దనినాడు ఓనరు. దాని నోరు ఉత్తగా ఉండిపాయ. ఆకలి మీదుండే నోరు ఊరికే ఉంటాదా?"

నీ వేళ్ళు తిన్నది మిషను కాదు, రక్షణ రేకు బిగించకుండా నడిపించిన ఆ ఓనరు అని నేను చెప్పి చూశాను. వినేవాడు కాదు. ఓనరు మీద కోపం పెట్టుకుంటే కోర్టులకు తిరగాలి. మిషను మీద భయం పెట్టుకుంటే కాస్త పసుపు, కాస్త కుంకుమ చాలు. పేదవాడికి ఏది వీలైతే అదే నమ్మకం అవుతుంది.

మూడు వేళ్ళ చేతికి వేరే పని ఎవరూ ఇవ్వలేదు. అందుకే తిరిగి తిరిగి మళ్ళీ క్రషర్ దగ్గరికే, మా షెడ్డులోకే వచ్చి పడ్డాడు. పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. అతనికి కావలసింది ఒక్కటే, పర్మనెంట్ కావాలి. ఏళ్ళు గడిచాయి, హెడ్లు మారారు, ప్రతి హెడ్డూ "చూద్దాంలే" అన్నాడు. "దుడ్లకు కాదన్నా," అనేవాడు నాతో. "రేపట్నించి రావొద్దు అని ఎవురూ అనకుండా ఉండల్ల. అంతే." స్టోరులో చెయ్యి విరిగిన కొయ్య కుర్చీ ఒకటి మూలపడి ఉండేది. మధ్యాహ్నాలు వచ్చి దానికి మేకులు కొట్టి, చెక్క అతికించి, నూనె రాసి నిగనిగలాడించాడు. ఇంటికి తీసుకుపోరాదా అంటే, "పర్మనెంట్ అయిన దినం షెడ్డులో ఏసుకోని కూసుంటా. అంతవరకూ నీకాడే ఉండనీ" అన్నాడు. దాని మీద ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు.

అప్పుడు వచ్చింది డాక్టర్ కృపాకుమారి. కొత్తచెరువు అమ్మాయి. నాయన పాస్టరు. హైదరాబాదులో చదివి, రాళ్ళలోని రసాయనాలను పరిశీలించే పెద్ద ప్రాజెక్టు ఒకటి చేతపట్టుకుని మా డిపార్ట్‌మెంటులో చేరింది. చురుకైన మనిషి. అందరినీ అన్నా, అక్కా అని పిలిచేది. మారెప్పనైతే "మారెప్పన్నా" అని నోరారా పిలిచేది. ఆ పిలుపుకే అతను సగం కరిగిపోయాడు.

రాళ్ళు తేవడానికి మొదటిసారి నల్లమాడ కొండలకు వెళ్ళినప్పుడు నేనూ జీపులో ఉన్నాను. ఆమె ఒక నల్లరాయి మీద కూర్చుని మాకు పాఠం చెప్పింది. ఈ నేలంతా కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతాలంట. భూమి లోపల కరిగిన రాయి, దాన్నే మాగ్మా అంటారు, పగుళ్ళలోంచి పైకి పొంగి, పారి, చల్లారి ఈ గుట్టలయ్యాయంట.

"అంటే ఈ నేల మండిందన్నమాట మారెప్పన్నా."

"ఇప్పుడు మాత్రం యాడ సల్లగుండాదమ్మా?" అన్నాడు మారెప్ప. ఆమె పడీ పడీ నవ్వింది.

తర్వాత ఓపిగ్గా విప్పి చెప్పింది. ఏ రాయి ఎంత లోతు నుంచి వచ్చిందో దాన్ని పిండి చేసి పరీక్షిస్తే తెలుస్తుందట. చాలా లోతు నుంచి వచ్చిన దాంట్లో క్రోమియం ఎక్కువ ఉంటుంది. పైపొర రాయి కరిగి కలిసిన దాంట్లో సీసం ఎక్కువ ఉంటుంది. ఉండేది ఆవగింజలో వెయ్యో వంతు, ఆ కాస్తే అసలు కథ చెబుతుంది. నాకు సగం అర్థమైంది. మారెప్పకు అర్థమైంది ఒకటే, ఈ అమ్మకు ఈ రాళ్ళంటే ప్రాణం.

ఒకరోజు ఆమె కూడా షెడ్డులో ఉంది. ఒక రాయి మిషన్ దవడల మధ్య ఇరుక్కుంది. ఇనుప పలకలు రెండూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె ఏదో ఆలోచనలో ఉండి, రాయి తీయడానికి లోపలికి చెయ్యి పెట్టింది. "ఏయ్! తియ్యి సెయ్యి!" అని మారెప్ప అరిచిన అరుపు నా స్టోరు దాకా వినిపించింది. నేను పరిగెత్తి పోయేసరికి మిషను ఆగి ఉంది. అతను స్విచ్చి మీద చెయ్యి తియ్యకుండా నిలబడి ఉన్నాడు, ఆమె నవ్వుతోంది.

"నువ్వుండావు కదన్నా, నాకేమి భయం?" అంది.

అతను తన మొండి వేళ్ళు ఆమె ముందు చాపాడు. మర్నాడు నాతో, రాత్రంతా ఆ సెయ్యే కండ్ల ముందర ఆడిందన్నా అన్నాడు.

ఆ వారంలోనే ఆమె మిషన్ శుభ్రం గురించి అతనికి గట్టిగా చెప్పింది. నేను కొత్త బ్రష్షులు ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను. ముందు దంచిన రాయి నలుసు తర్వాతి రాయిలో కలవకూడదు, కలిస్తే లెక్కలన్నీ పాడు. స్పిరిటుతో కడగాలి, బ్రష్షుతో రుద్దాలి, తెల్లగుడ్డతో తుడవాలి. అంతా చెప్పి చివర్న అంది. "నీ ఇంటి గడప ఎట్లా కడుక్కుంటావో, అంత శ్రద్ధగా చెయ్యన్నా."

ఆ మాట నా చెవులతో విన్నాను. ఇంకో పదేళ్ళు పోయినా, ఏ కోర్టులో నిలబెట్టి అడిగినా చెబుతాను.

ఆమె పెరిగిన ఇంట్లో గడప కడిగి, తుడిచి, అంతటితో వదిలేస్తారు. మా ఇంట్లోనూ అంతే. మారెప్ప ఇంట్లో అట్లా కాదు. వాళ్ళ గడప కడగడం నీళ్ళతో మొదలవుతుంది, పసుపు పూసి కుంకుమబొట్లు పెడితేనే పూర్తవుతుంది. కడిగి ఉత్తగా వదిలేశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని దారిన పోయేవాళ్ళు అనుకుంటారు. కాబట్టి మారెప్ప ఆమె చెప్పింది చెప్పినట్టే చేశాడు. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి, చెప్పులు షెడ్డు బయట విడిచి, స్పిరిటుతో కడిగి, రుద్ది, తుడిచి, మిషన్ నోట్లో రెండు దవడలకూ పసుపు పూసి కుంకుమ పెట్టి, అప్పుడు రాయి వేసేవాడు. మేడమ్ పది దాటాక వచ్చేది. అప్పటికి ఆ పసుపు, ఆ కుంకుమ రాతిపిండిలో కలిసిపోయి ఉండేవి. కంటికి కనపడేంత కూడా కాదు. ఆవగింజలో వెయ్యో వంతును వెతికే పరీక్షకు మాత్రం అది కొండంత.

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు డిపార్ట్‌మెంటులో మైసూరుపాకు పంచారు. కృపాకుమారి తెచ్చిన రాళ్ళలో సీసమూ ఎక్కువే, క్రోమియమూ ఎక్కువే. ఎంతో లోతు నుంచి వచ్చిన మాగ్మా, పైపొరలో కరిగిన రాయి ఇక్కడ కలిసి పొంగాయన్నమాట. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల ఎవరూ చూపించలేదని ఆమె ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పింది. ఢిల్లీలో మాట్లాడమని పిలుపు వచ్చింది. ఫోటోలో హెడ్డు సారు మధ్యలో నిలబడ్డారు, రాయి కూడా తానే మోసినట్టు. ఆమె మాత్రం మారెప్పను చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది.

"ఈ అన్న చేతులు లేకపోతే ఈ ఫలితం లేదు," అని అందరి ముందూ చెప్పింది. అంతకంటే నిజమైన మాట ఆ గదిలో ఎవరూ అనలేదని తర్వాత తెలిసింది.

"ఈసారి పర్మనెంట్‌కు పంపే పేర్లలో మొదట నీదే పెడతా మారెప్పా," అన్నారు హెడ్డు సారు. ఆ సాయంత్రం మారెప్ప స్టోరుకు వచ్చి కుర్చీకి మళ్ళీ నూనె రాశాడు.

కొన్ని నెలలకు దెబ్బ తగిలింది. వేరే ఊరి ల్యాబువాళ్ళు అవే గుట్టల నుంచి తామే రాళ్ళు తెచ్చుకుని, తామే దంచుకుని పరీక్ష చేశారు. సీసం లేదు, క్రోమియం లేదు. మామూలు రాయి. ఆమె పేరు పెట్టి మీ లెక్కలు నమ్మడానికి లేదని రాశారు. కృపాకుమారి మనిషి మనిషిలా లేదు. అన్నం మానేసింది. మిగిలిన రాతి ముక్కల్ని ఇంటి దగ్గర రోకలితో దంచి పంపించి చూసుకుంది. అవీ మామూలే. అంటే తప్పు షెడ్డులో జరిగింది. ఒకరోజు తెల్లవారకముందే వచ్చి క్రషర్ దవడల సందులు దూదితో తుడిచింది. దూది ఎర్రగా, పచ్చగా వచ్చింది. ఆ దూదిని పరీక్షకు పంపితే, చవక పసుపులోనూ కుంకుమలోనూ కలిపే కల్తీరంగులు బయటపడ్డాయి. వాటిలో సీసమూ ఉంది, క్రోమియమూ ఉంది. ఢిల్లీ దాకా పోయిన ఆ మాగ్మా నల్లమాడ సంతలో పొట్లం కట్టి అమ్మే మాగ్మా.

విచారణ పెట్టారు. విషయం ఏమిటో మారెప్పకు ఎవరూ చెప్పలేదు. మేడమ్ పని చెడిపోయింది, మిషన్ దగ్గరే లోపం జరిగింది అని మాత్రం అతని చెవిన పడింది. పొద్దున నా దగ్గరికి వచ్చాడు. ఉతికిన చొక్కా, తడితల.

"పూజలో తక్కువైందంటావా అన్నా?"

"ఏం పూజ?" అన్నాను. అప్పటికి నాకూ తెలియదు. అతను జవాబు చెప్పేలోపలే పిలుపు వచ్చింది.

హెడ్డు సారు గదిలో ఆయన, కృపాకుమారి, బయట నుంచి వచ్చిన ఆఫీసరొకాయన కూర్చున్నారు. షెడ్డుకు ఏ సామాన్లు ఇచ్చానో చెప్పడానికి నన్నూ పిలిచారు. మారెప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మిషన్ లోపల నువ్వేమైనా వేస్తుండినావా?" అడిగారు హెడ్డు సారు.

"ఏస్తాంటి సార్. ఏ పొద్దూ తప్పలేదు."

"ఏమి వేస్తుండినావు?"

"పసుపు పూసి కుంకుమ పెడ్తాంటి సార్. నోట్లో, రెండు దవడలకూ. దేవుని మీద ఒట్టు, ఒక్క రాయికి గూడా తగ్గించలేదు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నమ్మడం లేదేమో అనుకున్నాడు పిచ్చివాడు.

"కావల్లంటే మా ఆడమనిషి తిప్పమ్మను అడగండి సార్. సంతలో ఆయమ్మే తెస్తాది. పొట్లానికి పొట్లం అయిపోయేది. పైపైన పెట్టలేదు సార్, బాగా అద్ది పెట్టినా."

ఆపు మారెప్పా అని అరవాలనిపించింది. ప్రతి మాటతో ఉరితాడు తానే పేనుకుంటున్నాడు, అదీ సంబరంగా.

"అందరి రాళ్ళకూ పెట్టినావా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్. కృపమ్మ రాళ్ళకే."

"ఆమెవాటికే ఎందుకు?"

"ఆయమ్మే కదా సార్ లోపల సెయ్యి పెట్టేది."

ఆఫీసరు హెడ్డు సారు వైపు చూసి తల పంకించాడు. ఒక్క మనిషి రాళ్ళకే చేశాడంటే కావాలనే చేశాడు అని అతని లెక్క. కాగితం మీద ఆ ముక్కే రాసుకున్నాడు. చెయ్యి సంగతి ఏమిటని అడగను కూడా లేదు.

కృపాకుమారి లేచి నిలబడింది. "నా బతుకు బూడిద చేసినావు కదన్నా," అంది.

"తక్కువైందామ్మా?" అన్నాడు మారెప్ప. కళ్ళల్లో నీళ్ళు. "ఇంగా కొంచెం పెట్టాల్సిండెనా?"

ఆఫీసరు ఫక్కున నవ్వాడు. హెడ్డు సారు కూడా నవ్వు ఆపుకోలేదు. ఆ తర్వాత, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, తక్కువ కావడం కాదురా, నువ్వు పెట్టిందే విషమైంది అని వివరించారు. మారెప్పకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె వైపు తిరిగాడు.

"మీరే సెప్తిరి కదమ్మా, ఇంటి గడప మాదిరి కడగమని. గడప కడిగి ఉత్తగా ఎట్ల ఇడుస్తారమ్మా?"

ఆమె ముఖం పాలిపోయింది. ఆ మాట గుర్తొచ్చిందని నాకు స్పష్టంగా తెలిసింది. ఒప్పుకుంటే తప్పు ఆమె మెడకూ చుట్టుకుంటుంది. సరిగా చెప్పలేదంటారు, సరిగా చూసుకోలేదంటారు, ప్రాజెక్టు పోతుంది. ఆమె కిటికీ వైపు చూసింది.

"నేను అట్లా చెప్పలేదు."

"చెప్పినారు మేడమ్, నేనూ ఉన్నాను," అన్నాను.

"ఇమాంసాబ్, మీరు స్టోరు సంగతి చూసుకోండి," అన్నారు హెడ్డు సారు. నా మాట కాగితం మీదికి ఎక్కలేదు. మారెప్ప మాత్రం నా వైపు చూడలేదు. ఆమెనే చూస్తున్నాడు. కోపంతో కాదు, తప్పిపోయిన మనిషి దారి అడిగేటప్పుడు చూసే చూపు. తనకు తానే అన్నట్టు గొణిగాడు. "అట్లనా? నేనే తప్పుగా ఇన్నానేమో."

"రేపటి నుంచి రావద్దు," అన్నారు హెడ్డు సారు. ఏ మాట వినకూడదని అతను ఇన్నేళ్ళు అందరి కాళ్ళావేళ్ళా పడ్డాడో, అదే మాట.

కృపాకుమారి మునగలేదు. మంచి తెలివిగల మనిషి కదా. పసుపు కుంకుమల వల్ల రాళ్ళ పరీక్షలు ఎట్లా చెడిపోతాయో కొత్తగా ఒక పరిశోధన రాసింది. అగ్నిపర్వతాల మీద రాసినదానికి రాని పేరు దీనికి వచ్చింది. శాలువా కప్పారు. ఆ రాసినదాంట్లో మారెప్ప పేరు లేదు. "శిక్షణ లేని కూలీ దురుద్దేశం" అని మాత్రం ఉంది. ఆ శాలువా సభలో నేనూ చప్పట్లు కొట్టే జనంలో కూర్చున్నాను. చేతులు మాత్రం కదల్చలేదు.

ఆ దసరాకు హెడ్డు సారు తన కొత్త కారుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, బానెట్ మీద దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, సరిగ్గా ఆ షెడ్డు ముందరే గుమ్మడికాయ కొట్టించారు. ఎర్రగా పగిలిన ముక్కలు మారెప్ప కూర్చునే చోటి దాకా దొర్లాయి. ఆయన మీద ఎవరూ విచారణ పెట్టలేదు.

ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పనికిరాని సామాన్లలో రాసేసి, ఆటోలో వేసుకుని నల్లమాడ పక్కకు బయలుదేరాను. మా ఇంటామె అమీర్ బీ బొరుగుల ఉగ్గాని పెట్టి కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాను.

మారెప్ప ఇల్లు వీధి చివర. పొద్దున పదవుతోంది. వాకిలి ఊడ్చి ఉంది. గడప కడిగి ఉంది, తడి ఇంకా ఆరలేదు. పసుపు లేదు. కుంకుమబొట్టు ఒక్కటి లేదు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అల్లా, ఈ మనిషి పోయాడా ఏమి అనుకున్నాను.

అంతలో లోపల్నుంచి మారెప్పే వచ్చాడు. బక్కచిక్కాడు. మళ్ళీ ఊరి పక్క కంకర క్రషర్‌కే పోతున్నాడట. ఆటోలోంచి నేను దించిన కుర్చీని చూసి గుర్తుపట్టాడు, చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు. కూర్చోలేదు. గోడవారగా సంచి పరుచుకుని దాని మీద కూర్చున్నాడు.

"పర్మనెంట్ అయితే కదన్నా అది," అన్నాడు.

టిఫిన్ డబ్బా అతని పక్కన పెట్టాను. అతనే అడిగాడు.

"ఆయమ్మ సెయ్యి బాగుండాదా అన్నా?"

"బాగుంది," అన్నాను.

"లోపల పెట్టొద్దని సెప్పే మనిషి ఎవురన్నా ఉండారా ఆడ?"

లేరు. కొత్తగా వచ్చినవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తాడు. ఉన్నారులే అని అబద్ధం చెప్పాను. తల ఊపి, డ్యూటీకి టైమైందని లేచి, మొండి చేత్తో తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తిప్పమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా చూపు గడప మీదే ఉందని ఆమె గమనించింది.

"ఎవురూ సావలేదు లేన్నా," అంది. "నేను పెడ్తా. ఆయప్ప వచ్చి తుడిచేస్తాడు. ఒకరి బతుకు బూడిద సేసింది మన ఇంటికెందుకంటాడు."

నీళ్ళు తాగి, కుర్చీ గడపకు ఇవతలే వదిలి, నేను వచ్చేశాను.